ముడి అక్కర్లేని బట్ట

పాలగిన్నె కింద మంట తగ్గించి చీజమ్మ వీధి గుమ్మం వైపు చూసింది. కూతురు ఒంటికాలి మీద నిలబడి చెప్పు పట్టీ బిగించుకుంటోంది. ఇంకాసేపట్లో బస్టాండుకి బయల్దేరుతుంది. అక్కడ టికెట్ల కిటికీ వెనక కూర్చుందంటే మళ్ళీ ఇల్లు చేరేది మధ్యాహ్నం దాటాకే. ఆమె వెనకే అల్లుడు కూడా కాస్త అలా బయటికి వెళ్తే బావుణ్ణు అనుకుంది. ఇల్లు ఖాళీ అయితే తన పని తను చేసుకోవచ్చు, ఎలా చేసినా అడిగేవాళ్ళుండరు.

ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. భర్త పోయిన దగ్గర్నుంచీ ఇంట్లోనే పాలు విరగ్గొట్టి, వడకట్టి, ఉప్పు కలిపి, మెత్తటి తెల్లటి చీజ్ చేసి మూలమీది బేకరీకి ఇస్తోంది. ఆ బేకరీ బన్నుల్లో పెట్టేది ఆవిడ చీజే. పిల్లలు మొదట ‘చీజ్ అమ్మమ్మ’ అన్నారు. పెద్దవాళ్ళకి అంత పొడుగు పిలుపుకి తీరిక లేక చీజమ్మ చేసేశారు. పైకి విసుక్కున్నా ఆ పేరంటే ఆవిడకి లోలోపల ముచ్చటే.

అల్లుడు మాత్రం కదిలేలా లేడు. ముందుగదిలో కుట్టుమిషన్ మీద మోచేతులు ఆనించి, కిటికీలోంచి వీధిని చూస్తూ కూర్చున్నాడు. సోఫాలకీ కుర్చీలకీ గుడ్డ తొడిగే పని అతనిది. ఆ కార్ఖానా మూతపడ్డాక ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఒక్కతే కూతురని పెళ్ళయిన కొత్తలోనే దంపతులిద్దరూ ఆవిడ దగ్గరికి వచ్చి ఉండిపోయారు. మంచివాడే, నోరెత్తి ఎరగడు. కానీ ఇల్లంతా తిరిగే మగమనిషి వంటింట్లో పనికి అడ్డం. పోనీ నాలుగు మాటలు అందామంటే అల్లుడాయె. ఇన్నేళ్ళుగా మీరు అంటే మీరు అనుకుంటూ ఇద్దరూ ఒకరి మర్యాద ఒకరు కాపాడుకుంటూ వస్తున్నారు.

“అత్తయ్యగారూ, ఏమైనా సాయం చెయ్యనా?” అని రోజూలాగే అక్కణ్ణుంచే అడిగాడు.

“అబ్బే, ఏముంది ఇక్కడ! మీరు కూర్చోండి బాబూ,” అని ఆవిడా రోజూలాగే అంది.

పాలు అంచుల్లో సన్నగా కదలడం మొదలెట్టాయి. నిమ్మరసం పోసి గరిటెతో ఒకే ఒక్కసారి తిప్పింది. పాలు తెల్లగా తునకలు తునకలుగా విడిపోయి, మధ్యలో పచ్చటి తేట తేలింది. ఇంతవరకూ అంతా సుఖమే. కష్టం దీని తరవాత మొదలవుతుంది.

చిల్లుల గిన్నెలో తడిబట్ట పరిచి విరుగుడంతా అందులో పోసింది. నాలుగు మూలలూ దగ్గరికి తెచ్చి ముడేసింది. ముందుగదివైపు ఓ చూపు చూసి, ఆ ముడిని కుళాయి మెడకి తగిలించి, మూటని రెండు అరచేతుల మధ్యా ఇరికించి మెలిపెట్టింది. కుడి బొటనవేలి మొదట్లో నిప్పు అంటించినట్టయింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. ఎప్పుడు మొదలైందో తెలీదు ఆ నొప్పి. ముందు సీసా మూతలు తిరగడం మానేశాయి, తరవాత తాళంచెవి, ఇప్పుడు ఏకంగా ఇది. పళ్ళ బిగువున ఇంకో మెలిక తిప్పబోయింది. వేళ్ళు ఆవిడ మాట వినలేదు. మూట జారి, విచ్చుకుని, సింకులో దభీమని పడింది. పొద్దున్నుంచీ పడ్డ పాటంతా తెల్లగా సబ్బునీళ్ళ పాలయింది.

చప్పుడికి అల్లుడు పరిగెత్తుకొచ్చాడు.

“ఏమైంది అత్తయ్యగారూ?”

చీజమ్మ చేతులు రెండూ తువ్వాలులో దాచేసుకుంది. “ఏముంది, బట్ట! పాతబడి పల్చనైపోయింది. పట్టు నిలవట్లేదు వెధవ బట్ట!”

అతను సింకులోంచి ఆ గుడ్డ తీసి, పిండి, కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూశాడు. ఏం చూశాడో, చాలాసేపు చూశాడు.

“అవునండీ. బట్ట పాతదైపోయింది,” అన్నాడు నెమ్మదిగా. “ఇంకేదైనా చూద్దాం.”

హమ్మయ్య అనుకుంది చీజమ్మ. ఆ ఒక్కమాటతో గండం గడిచిందనుకుంది గానీ, అసలు గండం అక్కణ్ణుంచే మొదలైంది.

*

మర్నాడే అల్లుడు ఓ పాలపాకెట్ కొనుక్కొచ్చుకున్నాడు.

“బేకరీ పాలు పాడవకుండా ముందు కొంచెంతో చూద్దాం అత్తయ్యగారూ,” అని దిండు కవరొకటి మరిగే నీళ్ళలో వేసి ఉడికించాడు. కొత్త గుడ్డకి గంజి ఉంటుందట, అది పోవాలట. ఉడికించాడు, జాడించాడు, మళ్ళీ ఉడికించాడు. తీరా విరిగిన పాలు అందులో పోస్తే, నేత మరీ దగ్గరగా ఉండి తేట ఒక్క చుక్క కిందికి దిగలేదు. చెరువులా నిలబడిపోయింది.

“ఇది వడకట్టడమా బాబూ, దాచిపెట్టడమా?” అంది చీజమ్మ.

అతను నవ్వేశాడు. ఆ తరవాత కిటికీ కర్టెన్ లోపలి పల్చటి గుడ్డ తెచ్చాడు. అందులో పోస్తే పాలు పోసినవి పోసినట్టే కిందికొచ్చాయి. తరవాత కొత్త బనీను పట్టుకొచ్చి, ఇంకా తొడుక్కోలేదండీ అన్నాడు. చీజమ్మ రెండు చేతులూ అడ్డంపెట్టింది.

“మీ బనీనులో వడకట్టిన చీజ్ ఆ బేకరీ ఆవిడకి ఏ మొహం పెట్టుకుని ఇవ్వమంటారు!”

బట్టతో ఆగలేదు. రేకు డబ్బాకి మేకుతో చిల్లులు పొడిచి అందులో బట్ట పరిచాడు. చిల్లుల దగ్గర తుప్పు దిగి బట్ట మీద ఎర్రటి చుక్కలొచ్చాయి. డబ్బా చెత్తబుట్టలోకి వెళ్ళింది. రెండు కుర్చీల మీద చీపురుకర్ర అడ్డంగా పెట్టి మూటని దానికి వేలాడదీశాడు. బాగానే కారుతోందని ఇద్దరూ చూస్తుండగానే, బరువుకి కుర్చీలు ఒకదాని వైపు ఒకటి జరుగుతూ వచ్చి, మూట వెళ్ళి బకెట్లో కూర్చుంది. చీజమ్మకి నవ్వాగలేదు. ఆ తరవాత తనమీద తనకే కోపమొచ్చింది. లోపం బట్టలో లేదని తెలిసీ ఆ మనిషిని ఇలా తిప్పడమేమిటి?

కానీ నిజం చెప్పడమెలా? చెబితే కూతురు ఏమంటుందో ఆవిడకి తెలుసు. ‘చాల్లేమ్మా, ఇంక కూర్చో’ అంటుంది. ప్రేమతోనే అంటుంది. తన భర్త అక్కగారిని కూడా అందరూ ప్రేమతోనే కూర్చోబెట్టారు. ముందు పొయ్యి దగ్గర్నుంచి లేపారు, తరవాత బజారు మాన్పించారు. ఆఖరికి ఆ మనిషి కిటికీ పక్క కుర్చీలో, ఎవరైనా వస్తే కళ్ళెత్తి చూసే ఓపిక కూడా లేకుండా మిగిలిపోయింది. ఆ కుర్చీ తలుచుకుంటే చీజమ్మకి గుండెల్లో రాయి పడ్డట్టుంటుంది.

అందుకని అతను తెచ్చిన ప్రతి బట్టకీ ఓ వంక పెట్టింది. ఇది బిగువు, అది వదులు, దానికి సబ్బు వాసన. అతను విసుక్కోలేదు. ఆ మధ్యలోనే బేకరీకి ఇవ్వాల్సిన చీజ్ ఎలాగో చేసింది. మోకాళ్ళ మధ్య మూట ఇరికించి, అతను స్నానానికి వెళ్ళిన సమయం చూసుకుని పిండింది. అయినా చీజ్ బేకరీకి నీళ్ళోడుతూనే వెళ్ళింది. బేకరీ ఆవిడ మొహమాటపడుతూ, “ఈసారి కాస్త జావగా ఉంది పెద్దమ్మా, బన్ను తడిసిపోయింది,” అంది. చీజమ్మకి తలకొట్టేసినట్టయింది.

*

ఆరోజు పొద్దున్న కూతురు వెళ్తూ వెళ్తూ మొగుడికి మరీ మరీ చెప్పింది. “పరుపుల షాపాయన మిమ్మల్ని పదకొండింటికల్లా రమ్మన్నాడు. మా కౌంటర్లో అమ్మాయి వాళ్ళ బాబాయే. నా మాట మీద పిలిచాడు. ఆలస్యం చెయ్యకండి.”

“వెళ్తాను,” అన్నాడతను.

వెళ్ళేవాడే. తల దువ్వుకుని ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు కూడా. కానీ గుమ్మం దాకా వెళ్ళినవాడు వంటింట్లోకి తొంగి చూశాడు. చీజమ్మ బేకరీ పాలు విరగ్గొట్టి, పెద్దగిన్నె ముందు నిలబడి, చెయ్యి చేత్తో రుద్దుకుంటోంది. ఆ మూట ఎత్తడానికి ధైర్యం కూడగట్టుకుంటోంది.

“ఒక్క పది నిమిషాలు ఆగండి అత్తయ్యగారూ. దాన్ని ముట్టుకోకండి,” అంటూ అతను చొక్కా చేతులు పైకి మడిచాడు.

కూర్చునే చెక్కస్టూలు తెచ్చి శుభ్రంగా కడిగి నేలమీద తలకిందులుగా పెట్టాడు. నాలుగు కాళ్ళూ ఆకాశంకేసి చూస్తున్నాయి. మధ్యలో వెడల్పాటి గిన్నె ఉంచాడు. ముందుగదిలోకి వెళ్ళాడు, కుట్టుమిషన్ కాసేపు టకటకలాడింది. నలుచదరపు గుడ్డ ఒకటి తెచ్చి నీళ్ళలో మరిగించి, తడిగానే దాని మూలల్ని స్టూలు కాళ్ళకి తొడిగాడు. గుడ్డ ఊయలలా దిగింది. మోచేతుల దన్నుతో పెద్దగిన్నె వంచి విరుగుడు పోశాడు. తేట బొటబొటా మొదలై, ధారగా మారి, గిన్నెలోకి దిగడం మొదలెట్టింది. ఎవరూ పిండక్కర్లేదు. కాకపోతే కింద పెట్టిన గిన్నె చిన్నదైంది. అది నిండి పొర్లింది. ఇంకోటి మార్చేలోపు నేలంతా తడిసింది. అది తుడిచేసరికి గుడ్డ ఒక కాలి దగ్గర జారింది, దాన్ని విప్పి మళ్ళీ కుట్టాడు. పది నిమిషాలు ఎటు పోయాయో ఇద్దరికీ తెలీలేదు.

తలుపు చప్పుడైంది. కూతురు గుమ్మంలో నిలబడి ఉంది.

తడినేల మీద మొగుడు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. తిరగేసిన స్టూలు, పొయ్యి మీద ఉడుకుతున్న గుడ్డముక్కలు, బల్లమీద ఖాళీ పాలపాకెట్లు. ఆమె చూపు కుర్చీ మీద పడ్డ దుప్పటి దగ్గర ఆగిపోయింది. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి వెన్నలా అయిన లేతనీలం దుప్పటి. రోజంతా కిటికీ వెనక కూర్చున్న నడుము వాల్చేటప్పుడు అదే పరుచుకుంటుంది. దాని నడిమధ్య ఇప్పుడు నలుచదరంగా కంత ఉంది.

“షాపుకి వెళ్ళారా?” అని మాత్రం అడిగింది.

అతను లేచి నిలబడ్డాడు. “రేపు వెళ్ళి మాట్లాడతాను. ఇవాళ కాస్త...”

“రేపా! ఆయన ఇప్పుడే ఫోన్ చేసి ఆ పిల్ల మీద అరిచాడు. ఆ పిల్ల నా మొహం కూడా చూడట్లేదు. నేను అక్కడ కాళ్ళావేళ్ళా పడి మాట ఇప్పించుకుంటే, మీరిక్కడ నా దుప్పటి కత్తిరించుకుని ఆటలాడుకుంటున్నారా?”

“ఆటలు కాదు...”

“మరేమిటిది? వారం రోజులుగా చూస్తున్నాను. కర్టెన్ పోయింది, దిండు కవర్లు పోయాయి. పనిలేకపోతే పని వెతుక్కోవాలి గానీ పెద్దావిడ వంటింట్లో ఆవిడకే చోటు లేకుండా చెయ్యడమేనా? అల్లుడు కదా అని మా అమ్మ నోరు నొక్కుకుని ఊరుకుంటోంది. నువ్వు చెప్పమ్మా! ఈయన నిన్నెంత విసిగిస్తున్నారో ఇవాళైనా నోరు విప్పి చెప్పు!”

చీజమ్మ చేతులు రెండూ కొంగులో దాచుకుంది. అల్లుడు ఆవిడవైపు చూశాడు. అడుగుతున్న చూపు కాదది. ఏమన్నా ఫర్వాలేదన్నట్టు చూశాడు. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే కిటికీ పక్క కుర్చీ కళ్ళముందుకొచ్చింది.

“బట్టలు... బట్టలు పాడైన మాట నిజమేగా,” అంది, నేలకేసి చూస్తూ.

అతని మొహం పాలిపోయింది. “పొరపాటు నాదే,” అన్నాడు. తడిగుడ్డ తీసుకుని నేలంతా మూలమూలలా తుడిచాడు. స్టవ్ ఆపేశాడు. చేతులు కడుక్కుని భార్యతో, గొంతు పెంచకుండా అన్నాడు. “అన్నయ్య వాళ్ళ ఊళ్ళో కారు సీట్లకి కవర్లు కుట్టే షాపు పెట్టాడుగా. మనిషి కావాలని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. కొన్నాళ్ళు అక్కడికెళ్ళి ఉంటాను.”

“వెళ్ళండి. ఎవరాపారు?” అందామె. అన్న మరుక్షణం పెదవి కొరుక్కుంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ముందుగదిలో అతను మిషన్ తలకాయ విప్పుతున్న చప్పుడు మొదలైంది. ఆమె అక్కడికే వెళ్ళి గోడకి ఆనుకుని నేలమీద కూలబడింది.

*

చీజమ్మ వంటింట్లో ఒంటరిగా మిగిలింది. ఏం చెయ్యాలో తోచక స్టూలు దగ్గర కూర్చుంది. తేట దిగడం దాదాపు ఆగిపోయింది. గుడ్డలో చీజ్ తెల్లగా, గుండ్రంగా ఒదిగి కూర్చుంది. వేలితో తాకి చూసింది. గట్టిబడింది. కళ్ళు మూసుకుని మెలిపెట్టి పిండిన రోజుల్లో కూడా ఇంత నున్నగా ఎప్పుడూ రాలేదు.

సరే, గుడ్డ విప్పి కూతురికి ఇచ్చేద్దాం, ఆ ముక్క దుప్పటికి అతికించుకుంటుందేమో అని మూల దగ్గర ముడి కోసం వెతికింది. ముడి లేదు.

వంగి చూసింది. నాలుగు మూలల్లోనూ నాలుగు పట్టీలు కుట్టి ఉన్నాయి, సోఫా గుడ్డతో, దిట్టంగా. ఒక్కోటీ చెయ్యి పట్టేంత వెడల్పు. కాలికి తొడగడానికైతే అంత వెడల్పెందుకు? ఆవిడ చెయ్యి తనంతట తనే పట్టీలోకి దూరింది. మణికట్టు దాకా వెళ్ళింది. మణికట్టుతో పైకెత్తితే పట్టీ స్టూలు కాలిమీంచి సునాయాసంగా ఊడివచ్చింది. వేళ్ళతో పట్టుకోవాల్సిన అవసరం రాలేదు. బొటనవేలికి తెలియనే తెలియలేదు.

రెండో పట్టీ తీసింది. మూడోది తీసింది. పట్టీల లోపలివైపు, చర్మానికి తగిలేచోట, మెత్తటి స్పాంజి పెట్టి కుట్టాడు. అటు పక్కన చీజ్ మీద బరువు పెట్టే చెక్కమూత కనిపించింది. దానికి సన్నటి పిడి ఉండేది, ఆ పిడితో ఆవిడ ఎన్నిసార్లు చచ్చిందో. ఇప్పుడా పిడి చుట్టూ గుడ్డ చుట్టి చుట్టి, అరచేత్తో నొక్కి ఎత్తేంత లావు చేసి ఉంది.

బట్ట కోసం వెతికినవాడు కుట్టే కుట్టు కాదిది.

ఆవిడకి ఒక్కొక్కటే తెలిసొచ్చింది. చీపురుకర్ర, కుర్చీలు, చిల్లుల డబ్బా, అన్నీ పిండకుండా వడకట్టే మార్గాలే. ఆ మొదటిరోజు గుడ్డని వెలుతురుకి పట్టి చూసినప్పుడు అతను చూసింది గుడ్డని కాదు. అంతా తెలిసే, ‘అవునండీ, బట్ట పాతదైపోయింది’ అన్నాడు. ఇందాక భార్య దోషిలా నిలబెట్టినప్పుడు కూడా, ఒక్కమాట, ‘మీ అమ్మ చేతులు చూడు’ అన్న ఒక్కమాట అంటే బయటపడిపోయేవాడు. అనలేదు. తనేమో బట్టలు పాడయ్యాయంది.

చీజమ్మ ఒళ్ళో ఆ తడిగుడ్డ పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

కళ్ళు తుడుచుకోకుండానే లేచి ముందుగదిలోకి నడిచింది. అల్లుడు మిషన్ని గోనెపట్టాలో చుడుతున్నాడు. కూతురు అదే గోడ దగ్గర అలాగే ఉంది. చీజమ్మ వాళ్ళిద్దరి మధ్యా నిలబడి రెండు చేతులూ ముందుకి చాపింది.

“ఏమేవ్, ఇటు చూడు. ఈ బొటనవేలు చూడు. ఇది వంగదు. ఈ రెండో వేలు పట్టు నిలవదు. మీ ఆయన వల్ల నాకు విసుగు లేదు, పాడు లేదు. బట్ట బాగానే ఉంది. పాడైనవి నా చేతులు. అబద్ధం చెప్పాను.”

కూతురు ముందు అర్థం కానట్టు చూసింది. మెల్లిగా లేచి వచ్చి తల్లి చేతిని తన చేతిలోకి తీసుకుంది. బొటనవేలి మొదట్లో కీలు ఉబ్బి పక్కకి తిరిగిపోయి ఉంది. అది ఒక్కరోజులో వచ్చిన వంకర కాదు.

“ఎప్పట్నుంచమ్మా?”

“చాన్నాళ్ళైంది.”

“ఎందుకు చెప్పలేదు?”

“చెబితే నువ్వేమనేదానివి?”

ఏమనేదో కూతురికీ తెలుసు. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. “రోజంతా ఆ కిటికీలోంచి నాకు కనపడేవి చేతులేనమ్మా. మొహాలు కూడా కనపడవు. ఎన్ని వందల చేతులు చూస్తానో! ఇంటికొచ్చి నీ చేతులు చూడలేదు,” అని ఆ చేతుల్లోనే మొహం పెట్టుకుంది.

చీజమ్మ కూతురి తల నిమురుతూ అల్లుడివైపు తిరిగింది. “మీకెప్పుడు తెలిసింది బాబూ?”

అతను మిషన్ మీదే చెయ్యి ఉంచి, తలెత్తకుండా చెప్పాడు. “మూట సింకులో పడకముందే తెలుసండీ. ఓసారి మంచినీళ్ళకి వచ్చాను. మీరు కుళాయికి ముడి తగిలించి మెలిపెడుతున్నారు. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు. నన్ను చూడలేదు. చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయాను. అడిగితే మీరు ఏం లేదనేవారు. మీరు బట్ట అన్నారు కదా, సరే బట్టే అనుకుందాం అనుకున్నాను.”

“మరి ఇందాక నేనంత మాట అన్నప్పుడైనా చెప్పొద్దూ!”

“అది మీరు చెప్పుకోవాల్సిన సంగతి అత్తయ్యా. నేనెలా చెబుతాను?”

గారు జారిపోయిన సంగతి అతను గమనించలేదు. చీజమ్మ గమనించింది. ఇన్నేళ్ళ మర్యాద మధ్యలోంచి ఎవరో అడ్డుతెర తీసినట్టనిపించింది.

కూతురు మొగుడి దగ్గరికి వెళ్ళింది. మిషన్ చుట్టూ చుట్టిన గోనెపట్టా విప్పడం మొదలెట్టింది. అతను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

“నీ దుప్పటి అడగకుండా కత్తిరించాను. అది నిజంగా తప్పే. ఇంట్లో అంత మెత్తటి నూలు ఇంకెక్కడా దొరకలేదు.”

“పోనీండి దుప్పటి,” అందామె ముక్కు తుడుచుకుంటూ. “ఆ షాపాయన దగ్గరికి రేపు నేనూ వస్తాను. తిడితే ఇద్దరం కలిసి తిట్లు తిందాం.”

“ఇంకో సంగతి,” అంది చీజమ్మ, గొంతు సవరించుకుని. “డాక్టర్ దగ్గరికి రమ్మంటే వస్తాను. మందు వేసుకోమంటే వేసుకుంటాను. కానీ చాల్లే కూర్చో అని మాత్రం ఎవరూ అనొద్దు.”

“అనను,” అంది కూతురు. ఓ క్షణం ఆగి, నిజం చెప్పేసింది. “అనబోయాను. నోటిదాకా వచ్చింది.”

ముగ్గురికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఏడుపు మధ్యలో వచ్చిన నవ్వు కాబట్టి అది ఎంతకీ ఆగలేదు.

*

డాక్టరు కీళ్ళు అరిగాయన్నాడు. చేతికి ఓ పట్టీ ఇచ్చాడు, వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకోమన్నాడు. నొప్పి పూర్తిగా పోతుందని మాత్రం అనలేదు. పరుపుల షాపాయన ఇద్దరినీ నిలబెట్టి నాలుగు తిట్టి, అప్పటికే ఇంకొకణ్ణి పెట్టుకున్నానని పంపించేశాడు. అల్లుడు వీధి చివర కుర్చీలు బాగుచేసే వాళ్ళ దగ్గర చిన్నాచితకా పని తెచ్చుకుని ముందుగదిలో కుట్టసాగాడు. అన్నగారి ఊరి ప్రస్తావన మళ్ళీ రాలేదు.

ఆ వారం చీజ్ తీసుకోవడానికి బేకరీ ఆవిడే స్వయంగా వచ్చింది. పోయినసారి జావగా వచ్చినదాని గురించి మళ్ళీ మాట వస్తుందేమోనని ఆమె మొహంలో ఇబ్బంది కనబడుతోంది. చీజమ్మ ఆమెని వంటింట్లోకి తీసుకెళ్ళి, మూత తీసి చూపించింది. ఆమె చెంచాతో కాస్త తీసి నోట్లో వేసుకుంది.

“ఇంత నున్నగా ఎలా వచ్చింది పెద్దమ్మా? బట్ట మార్చావా?”

అవునని చెబితే సరిపోయేది. చీజమ్మ ఒక్కక్షణం ఆగి, రెండు చేతులూ ఎత్తి ఆమె ముందు పెట్టింది.

“నా చేతులు పాడయ్యాయమ్మా. పిండలేకపోతున్నాను. పోయినసారి నీకు నీళ్ళోడుతూ వచ్చింది అందుకే. ఇప్పుడిక పిండే పనే లేదు. ఇదిగో, ఈ పట్టీల్లో మణికట్టు పెట్టి ఎత్తుతానంతే. ఎత్తలేనప్పుడు పిలుస్తాను, వచ్చి ఎత్తుతాడు.”

“ఎవరు కుట్టారు ఇది? ఎంత ఆలోచనగా కుట్టారు!”

“మా అబ్బాయి,” అంది చీజమ్మ.

ముందుగదిలో టకటకలాడుతున్న మిషన్ ఠక్కున ఆగింది. అతను కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడని వంటింట్లో వాళ్ళకి తెలీదు. ఆ తరవాత మిషన్ మళ్ళీ, ముందుకంటే కాస్త నెమ్మదిగా, కుట్టడం మొదలెట్టింది.